ఆడిటర్ మాట ఊరి ముందు వినబడాలి

స్థానిక సంస్థల లెక్కలు, పనితీరు, బయటి తనిఖీ: స్మారకోపన్యాస పాఠం



ఎవరి స్మృతిలో మనం ఇవాళ కలుసుకున్నామో ఆ పెద్దాయన లోకల్ ఫండ్ ఆడిట్‌లో గుమాస్తాగా చేరి, ఆడిట్ అధికారిగా పదవీ విరమణ చేశారు. ఉద్యోగ జీవితమంతా పంచాయతీల, సమితుల, మున్సిపాలిటీల లెక్కలు చూడడంలోనే గడిపారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తనను పొగిడితే ఆయనకు ఇబ్బందిగా ఉండేది. తాను నమ్మిన పని గురించి ఎవరైనా శ్రద్ధగా మాట్లాడితే మాత్రం గంటల తరబడి వినేవారు. అందుకే ఆ పనినే విషయంగా తీసుకున్నాను. స్థానిక సంస్థల జమాఖర్చులనూ పనితీరునూ బయటి ఆడిటర్ పరిశీలించడం ఎందుకు అవసరం, ఆ శ్రమ ఎక్కడ ఫలిస్తుంది, ఎక్కడ వృథా అవుతుంది అన్నదే ఈ ఉపన్యాసం.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆడిట్ నివేదిక ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగే కాగితంగా ఉన్నంతకాలం ఊరికి ఒరిగేది తక్కువ. ఎవరి డబ్బుకు లెక్క చూశామో వాళ్ల ముందే, అంటే గ్రామసభలోనో పురపాలక మండలి సమావేశంలోనో, ఆడిటర్ నిలబడి తాను చూసింది చెప్పాలి. జవాబు కూడా అక్కడే రావాలి. మిగతా సంస్కరణలకు బలం దీని నుంచే వస్తుంది.

1. ఊరి లెక్కకు బయటివాడు ఎందుకు?

సర్పంచి మనకు తెలిసిన మనిషే. కార్యదర్శి రోజూ కనిపిస్తాడు. పని చేసిన కాంట్రాక్టరుది పక్క వీధి. అంతా కళ్లెదుటే జరుగుతున్నప్పుడు బయటినుంచి ఒకరొచ్చి చూడడం దేనికని అడిగేవాళ్లున్నారు. నిజానికి ఆ దగ్గరతనమే ప్రశ్నను గొంతులో ఆపేస్తుంది. పింఛను జాబితాలో పేరు కోసం, ఇంటి స్థలం కోసం, పిల్లవాడి సర్టిఫికెట్ కోసం ఆ గడపే ఎక్కాల్సిన మనిషి, అదే గడప ముందు నిలబడి సిమెంటు రోడ్డు మందం ఎంత అని అడగలేడు. ఊళ్లో ఎవరికీ బాకీపడనివాడు, రేపు ఊరు విడిచి వెళ్లిపోయేవాడు అడగగలడు. బయటి ఆడిట్‌కున్న బలం అదే.

రెండో కారణం పన్ను. ఇంటి పన్ను, కుళాయి పన్ను కట్టేవాడు తన డబ్బు తన వీధికే వస్తుందని నమ్మితే కడతాడు. ఆ నమ్మకం పోయినచోట డిమాండ్ రిజిస్టరులో బకాయిల వరస పెరుగుతూ పోతుంది. స్థానిక పన్ను ఎంత సున్నితమైన విషయమో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్నుల భారాన్ని ఒప్పుకోక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు వదిలి, రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. తమను అడక్కుండా వేసిన పన్ను, తమకు లెక్క చెప్పని పాలన ఏ ఊరికైనా భారమే.

2. మోటారు బిల్లులు

డబ్బు లెక్క చూడడం వేరు, పనితీరు చూడడం వేరని పుస్తకాల్లో రాసి ఉంటుంది. అది నాకు ఒంటపట్టింది మాత్రం ఒక పంచాయతీ ఆఫీసులో, బల్ల మీద పరిచిన వోచర్ల ముందు.

అది వేసవి. క్యాష్‌బుక్‌లో తాగునీటి బోరు మోటారు రీవైండింగ్ బిల్లులు వరసగా కనబడుతున్నాయి. ప్రతి చెల్లింపుకూ వోచరు ఉంది, పంచాయతీ తీర్మానం ఉంది, సర్పంచి సంతకం ఉంది, మెకానిక్ ఇచ్చిన రసీదు ఉంది. కుర్రవాళ్లం, టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాం. పెద్దాయన ఆపమన్నారు. ఆ వోచర్లన్నీ విడిగా తీయించి తేదీల వారీగా పరచమన్నారు. చూస్తే అన్నీ ఒకే బోరువి, ఒకే మోటారువి. పంపు ఆపరేటరును పిలిపించి, కూర్చోబెట్టి, నెమ్మదిగా అడిగారు. సాయంత్రం పూట ఓల్టేజీ పడిపోతుందనీ, స్టార్టరులో మోటారు కాలకుండా కాపాడే ఓవర్‌లోడ్ రిలే ఎప్పుడో పాడైందనీ, దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపి మోటారు నడుపుతున్నామనీ అతను చెప్పాడు. రిలే మార్చడానికి అయ్యే ఖర్చు ఒక్క రీవైండింగ్ బిల్లులో చిన్న భాగం. అది కొనమని ఎవరూ రాయలేదు, ఎవరూ కొనలేదు.

ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ పాఠమే. మోటారు కాలిన రోజుల్లో నీళ్లు రానిది ఎవరికి? ఊరి మధ్య ఇళ్లకు చేతిపంపులున్నాయి. పైపులైను చివర ఉన్న దళితవాడకు ఆ కుళాయి తప్ప వేరే ఆధారం లేదు. అక్కడి ఆడవాళ్లు పొలాల్లోని బావి దాకా బిందెలతో నడిచారు. అది ఏ వోచరులోనూ లేదు.

ఇందులో దొంగతనం లేదు. రూపాయి ఎవరూ తినలేదు. అయినా ఊరు నష్టపోయింది. లెక్క సరిపోయిందా అని మాత్రమే అడిగే ఆడిట్‌కు ఈ నష్టం కంటబడదు. తక్కువ ఖర్చులో అయ్యేదానికి ఎక్కువ పెట్టామా, పెట్టిన ఖర్చుకు తగిన పని జరిగిందా, ఆ పని ఎవరికోసమో వాళ్లకు చేరిందా అన్న మూడు ప్రశ్నలు కలిస్తేనే పనితీరు ఆడిట్. పొదుపు, సామర్థ్యం, ఫలితం అని మనం పాఠాల్లో చెప్పుకునేవి ఇవే.

ఆయన తన నివేదికలో దీని మీద పేరా, అంటే ఆడిట్ అభ్యంతరం, రాశారు. జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది: ఇకమీదట తగు జాగ్రత్త తీసుకోబడును. పేరా ఫైల్లో పడింది. బావి దాకా నడిచినవాళ్లకు తమ కష్టం గురించి ఒకరు రాశారన్న సంగతే తెలియదు. ఆ రోజు నుంచి నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది: మనం ఎవరికి రాస్తున్నాం?

3. ఇంగ్లండ్ నేర్పే పాఠాలు

మన లోకల్ ఫండ్ ఆడిట్ పద్ధతికి ఇంగ్లండ్‌తో చుట్టరికం ఉంది కాబట్టి అక్కడి కథ కొంచెం వివరంగా చెబుతాను. అక్కడ పేదల సహాయ నిధుల లెక్కలు చూడడానికి 1844 చట్టం డిస్ట్రిక్ట్ ఆడిటర్లకు వీలు కల్పించింది. చట్టవిరుద్ధమైన ఖర్చును తోసిపుచ్చి, దాన్ని చేసినవాళ్ల జేబులోంచే రాబట్టే సర్‌ఛార్జి అధికారం ఆ ఆడిటర్ల చేతికి వచ్చింది. మన చట్టాల్లోకి ఆ మాట వచ్చింది ఈ తోవనే.

ఆ అధికారం హద్దు దాటితే ఏమవుతుందో తూర్పు లండన్‌లోని పాప్లర్ చూపించింది. చీరాల జనం ఊరు వదిలిన ఆ 1921లోనే, పేద పేటల మీద పన్నుల భారం అన్యాయమంటూ జార్జి లాన్స్‌బరీ సహా ముప్పై మంది పాప్లర్ కౌన్సిలర్లు జైలుకు వెళ్లారు. ఆ కౌన్సిలే తన పనివాళ్లకు, ఆడామగా తేడా లేకుండా, వారానికి కనీసం నాలుగు పౌండ్ల జీతం ఇచ్చింది. అది మితిమీరిన ఖర్చని ఆడిటర్ తోసిపుచ్చి, కౌన్సిలర్ల మీద సర్‌ఛార్జి వేశాడు. 1925లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) ఆడిటర్ పక్షానే తీర్పిచ్చింది. ఇవాళ చదివితే బాధ కలుగుతుంది. ఓటర్లకు చెప్పి గెలిచి, చెప్పినట్టే జీతమిచ్చిన కౌన్సిల్ నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చడం ఆడిటర్ పని కాదు. అది ఓటరు పని. ఆడిటర్ చూడాల్సింది ఆ నిర్ణయం చట్టం లోపల ఉందా, చెప్పిన డబ్బు చెప్పినచోటికే చేరిందా అన్నది.

అదే అధికారం సరైన చోట పనిచేస్తే ఎంత మేలో లండన్‌లోనే ఉన్న వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ కథ చూపించింది. 1980ల చివర్లో ఆ కౌన్సిల్ గెలుపోటములు తేలని వార్డుల్లో తన ఇళ్లను ఎంచి అమ్మింది. తమకు ఓటువేసేవాళ్లు ఆ వార్డుల్లో పెరగాలన్నది లోపలి ఉద్దేశం. 1989లో కొందరు స్థానిక ఓటర్లు ఆడిటర్ జాన్ మాగిల్‌కు అభ్యంతరం ఇచ్చారు. ఆయన ఏళ్ల తరబడి కాగితాలు తవ్వి, 1996లో నివేదిక ఇచ్చి, కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్‌నూ మరికొందరినీ 3.16 కోట్ల పౌండ్ల నష్టానికి బాధ్యులను చేశారు. కేసు మెట్టు మెట్టుకూ అటూ ఇటూ మారి, 2001 డిసెంబరులో ప్రభువుల సభలో ఆమె బాధ్యత ఖాయమైంది. 2004లో ఆమె 1.23 కోట్ల పౌండ్లు కట్టి పరిష్కరించుకున్నారు. ఈ కథకు మొదలు ఒక ఆఫీసరు కాదు, సామాన్య ఓటర్లు. కౌన్సిల్ లెక్కల పుస్తకాలు తెరిచి చూసే హక్కు, ఆడిటర్‌కు నేరుగా అభ్యంతరం చెప్పే హక్కు అక్కడి చట్టం ఓటరుకు ఇచ్చింది. ఆ హక్కు లేకపోతే ఆ తవ్వకం మొదలయ్యేదే కాదు.

1983లో అక్కడ ఆడిట్ కమిషన్ పని మొదలుపెట్టింది. ఏ కౌన్సిల్‌కు ఎవరు ఆడిటరో ఆ కమిషనే నియమించేది. అంటే పరీక్ష రాసేవాడు పరీక్షకుణ్ణి ఎంచుకునే వీలు లేదు. అదే కమిషన్ చెత్త ఎత్తడం నుంచి ఇళ్ల మరమ్మతు దాకా ఒక కౌన్సిల్‌ను మరో కౌన్సిల్‌తో పోల్చి, ఒకే పనికి ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ ఎందుకవుతోందని అడిగింది. కాలక్రమంలో తనిఖీలు, మార్కులు, పట్టికలు మరీ ఎక్కువైపోయాయన్న విమర్శ వచ్చింది. అందులో నిజం ఉంది. అయితే 2010లో ప్రభుత్వం ఆ సంస్థనే ఎత్తేస్తామంది. 2014లో చట్టం వచ్చింది, 2015 మార్చి 31న కమిషన్ మూతబడింది. ఆడిట్ పూర్తిగా ప్రైవేటు సంస్థల చేతికి వెళ్లింది. ఫీజులు తగ్గాయి, స్థానిక సంస్థల లెక్కలు తెలిసిన మనుషులూ తగ్గారు.

ఆ తరువాతి అంకెలు వినండి. 2022-23 లెక్కలకు గడువు 2023 సెప్టెంబరు 30. ఆ తేదీకి 467 స్థానిక సంస్థల్లో ఆడిట్ అభిప్రాయం వెలువడింది ఐదింటికి. పాత ఏళ్లవి కలిపితే పెండింగులో ఉన్నవి 900 దాటాయి. చివరికి 2024లో ఒక తేదీ గీసి, అప్పటికి పూర్తికాని పాత లెక్కల మీద అభిప్రాయం చెప్పలేమని రాసి మూసేయాల్సి వచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనం అంటాం. అక్కడ చాలాచోట్ల మొరగడమే జరగలేదు.

ఈ కాలంలోనే కౌన్సిళ్లు ఒకదాని వెనుక ఒకటి కుప్పకూలాయి. 2023 జూన్‌లో, లక్ష పైచిలుకు జనాభా ఉన్న వోకింగ్ అనే పట్టణపు కౌన్సిల్ చేతులెత్తేసింది. ఆ ఏడాది దాని ప్రధాన ఆదాయం 1.6 కోట్ల పౌండ్లు, కనబడుతున్న లోటు 120 కోట్ల పౌండ్లు. అప్పులు తెచ్చి భారీ భవనాల వ్యాపారంలో పెట్టిన ఫలితం అది. ఆ ఏడాదే సెప్టెంబరులో పది లక్షలకు పైగా జనాభా ఉన్న బర్మింగ్‌హామ్ కౌన్సిల్ కొత్త ఖర్చులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆడిట్ సకాలంలో జరిగి ఉంటే ఇవన్నీ ఆగేవని నేను అనను. ఊరికి ముందుగా తెలిసేది, అడిగే వ్యవధి ఉండేది అంటాను. క్రాయ్‌డన్‌లో 2020 అక్టోబరులో ఆడిటర్ ప్రజాప్రయోజన నివేదిక ఇచ్చాడు. అలాంటి నివేదిక వస్తే నెలలోగా కౌన్సిల్ సమావేశమై చర్చించి తీరాలి. అది అక్కడి చట్టం. అప్పటికే ఆలస్యమైంది, మరుసటి నెలలోనే ఆ కౌన్సిల్ చేతులెత్తేసింది. అయినా ఎవరు ఏ హెచ్చరికను పక్కన పెట్టారో జనం ముందు తేలింది.

2020 సెప్టెంబరులో సర్ టోనీ రెడ్మండ్ అక్కడి స్థానిక ఆడిట్ వ్యవస్థ మీద సమీక్ష నివేదిక ఇచ్చారు. అందులోని ఒక సిఫారసు కోసమే నేనీ కథంతా చెప్పాను. లెక్కలు ధ్రువీకరణ అయినా కాకపోయినా, ఏటా సెప్టెంబరు తరువాత జరిగే మొదటి పూర్తి కౌన్సిల్ సమావేశం ముందుకు బయటి ఆడిటర్ వార్షిక నివేదిక రావాలని ఆయన అన్నారు. సబ్‌కమిటీ గదిలో కాదు, ఎన్నికైన సభ్యులందరి ముందు. దాదాపు 175 ఏళ్ల అనుభవం తరువాత ఇంగ్లండ్ చేరుకున్న మెట్టు అది.

4. మన చట్రం

ఇక మన సంగతి. మద్రాసు రాజధానిలో 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం కాలం నుంచి స్థానిక నిధులు, వాటి లెక్కలు అన్న ఏర్పాటు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989లో రాష్ట్ర ఆడిట్ చట్టం వచ్చింది. పంచాయతీల, మున్సిపాలిటీల చట్టబద్ధమైన ఆడిటర్ రాష్ట్ర ఆడిట్ శాఖే. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాక 243జె, 243జెడ్ అధికరణాలు లెక్కల నిర్వహణ మీద, ఆడిట్ మీద చట్టం చేసే అధికారాన్ని రాష్ట్ర శాసనసభలకు ఇచ్చాయి. పదకొండో ఫైనాన్స్ కమిషన్ సిఫారసు తరువాత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) సంస్థ సాంకేతిక మార్గదర్శనం, పర్యవేక్షణ కూడా తోడయ్యాయి.

అంటే కళ్లకు కొదువ లేదు. లోపం మూడు చోట్ల ఉంది.

మొదటిది స్వతంత్రత. రాష్ట్ర ఆడిట్ శాఖ ఆర్థిక శాఖ కింద ఉంటుంది. పంచాయతీకి డబ్బు విడుదల చేసేదీ, ఆపేదీ, సర్దుబాటు చేసేదీ ప్రభుత్వమే. ఆ ప్రభుత్వ ఉద్యోగే ఆడిటర్. కిందికి చూసేటప్పుడు అతని చూపు సూటిగానే ఉంటుంది, పైకి చూడాల్సి వచ్చినప్పుడు కష్టమవుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఖాతాల్లోని ఫైనాన్స్ కమిషన్ నిధులు విద్యుత్ బకాయిల కింద సర్దుబాటైనప్పుడు, తమకు మాట మాత్రం చెప్పలేదని సర్పంచులు రోడ్డెక్కారు. కార్యదర్శి రాసిన ప్రతి వోచరునూ అడిగే ఆడిట్, పైనుంచి జరిగిన ఆ సర్దుబాటు ఏ అధికారంతో జరిగిందని కూడా అంతే గట్టిగా అడగగలగాలి.

రెండోది ఉద్దేశం. పదిహేనో ఫైనాన్స్ కమిషన్ 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థలకు మొత్తం 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో గ్రామీణ సంస్థల వాటా 2,36,805 కోట్లు, పట్టణ సంస్థల వాటా 1,21,055 కోట్లు. గడిచిన ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటి ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో అందరికీ కనబడాలని, అప్పుడే నిధులని షరతు పెట్టింది. ఇది మంచి షరతు. కేంద్రం 2020లో తెచ్చిన ఆడిట్ ఆన్‌లైన్ వేదిక మీద పంచాయతీల ఆడిట్ పూర్తిచేయడంలో తెలంగాణ తొలి ఏళ్లలోనే దేశంలో ముందు నిలిచింది. మన శాఖ సిబ్బంది రాత్రింబవళ్లు చేసిన శ్రమ అది, గర్వపడాలి. అయితే నిధుల కోసం చూపించే టిక్కెట్టుగా మాత్రమే ఆడిట్ మిగలకూడదు. గడువు లోపల నివేదిక ఎక్కించామా అన్నదొక్కటే ప్రశ్న అయినప్పుడు, మోటారు వోచర్లను తేదీల వారీగా బల్ల మీద పరిచే తీరిక ఎవరికీ ఉండదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, నివేదిక చేరే చోటు. పేరాలు పేరుకుపోతున్నాయన్న మాట కాగ్ నివేదికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పేరా రాసిన నాటికి ఉన్న కార్యదర్శి బదిలీ అవుతాడు, సర్పంచి పదవీకాలం ముగుస్తుంది, వచ్చినవాళ్లు మాకు సంబంధం లేదంటారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో గ్రామ పంచాయతీల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పన్నెండు వేలకు పైగా పంచాయతీలను స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. ఆ కాలపు లెక్కకు ఎవరు జవాబు చెప్పాలి, ఎవరికి చెప్పాలి? ఒక ఉద్యోగి పేరా రాస్తే మరో ఉద్యోగి జవాబు రాసే పద్ధతిలో ఊరికి చోటే లేదు.

5. మనమే చూపిన దారి

ఊరికి చోటిచ్చిన ఆడిట్ మన గడ్డ మీదే జరిగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 చివర్లో జన్ సున్వాయీలు మొదలుపెట్టింది. పని రికార్డులు ఊరి ముందు చదివి, నిజమా కాదా అని ఊరినే అడగడం అక్కడి పద్ధతి. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభ బాధ్యతగా చేసింది. దాన్ని ఒక పద్ధతిగా, రాష్ట్రమంతటా, ప్రభుత్వమే నడిపిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. అది 2006లో మొదలైంది, 2009లో దానికోసమే విడిగా ఒక సొసైటీ ఏర్పడింది. 2011లో కాగ్‌తో సంప్రదించి కేంద్రం చేసిన నియమాలకు మన అనుభవం ఆధారంగా నిలిచింది.

నేనొక మండల ప్రజావేదికలో, అంటే సామాజిక తనిఖీలో తేలినవి అందరి ముందు చదివే సభలో, పరిశీలకుడిగా కూర్చున్నాను. తనిఖీ చేసిన జట్టులో ఎక్కువమంది కూలీ కుటుంబాల పిల్లలు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎం.బుక్కులు (పని కొలతల పుస్తకాలు), చెల్లింపు పత్రాలు తీసుకుని ఇంటింటికీ తిరిగి సరిచూసి వచ్చారు. ఒక పని పేరు చదివి, కూలీల పేర్లు చదువుతున్నారు. ఒక పేరు దగ్గర ఒకామె లేచింది. కాగితం చూపించమంది. చూసి, మైకు దగ్గరికి వచ్చి అంది: "అయ్యా, నేను సంఘంలో సంతకం పెట్టేదాన్ని. ఇక్కడ వేలిముద్ర ఉంది. ఇది నాది కాదు."

ఆడిటర్‌గా నా చేతిలోకి ఆ మస్టరు వచ్చి ఉంటే నేను కనిపెట్టేవాణ్ణా? పేరు ఉంది, హాజరు ఉంది, ముద్ర ఉంది, కూడిక సరిపోయింది. కాగితం మీద అంతా సక్రమమే. ఆ కాగితం అబద్ధమని చెప్పగలిగింది, దాని మీద పేరున్న మనిషి ఒక్కతే. అధికారులు, ప్రజాప్రతినిధులు, ఊరు, అందరూ వింటుండగా చెప్పింది. జవాబు అక్కడికక్కడే చెప్పాల్సి వచ్చింది.

ఈ పద్ధతికీ కొరతలున్నాయి. తేలిన సొమ్ములో వసూలైంది కొద్ది భాగమే. బయటపెట్టిన కుర్రవాళ్ల మీద ఒత్తిళ్లు వచ్చాయి. ఒకే పథకానికి పరిమితమై, పంచాయతీ సొంత ఆదాయం జోలికి పోలేదు. అయినా రెడ్మండ్ 2020లో ఇంగ్లండ్ కౌన్సిళ్లకు చెప్పిన మాటను మన మండలాల్లో అంతకు చాలా ముందే ఆచరించి చూపించాం. బయటినుంచి వచ్చిన పరిశీలన, ఎదురుగా ఊరు, అక్కడే జవాబు. దీన్ని ఒక పథకానికి వదిలేయకుండా, స్థానిక సంస్థల మొత్తం ఆడిట్‌కు విస్తరించాలన్నదే నా మనవి.

6. ఏం చేయాలి?

ప్రతి గ్రామ పంచాయతీలో ఏటా ఒక గ్రామసభ, ప్రతి మున్సిపాలిటీలో ఏటా ఒక కౌన్సిల్ సమావేశం ఆడిట్ నివేదిక కోసమే జరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పాతిక వేలకు పైగా ఉన్న పంచాయతీలకు ఆడిటర్ స్వయంగా వెళ్లడం కష్టమే. విడతల వారీగా వెళ్లవచ్చు. వెళ్లలేని ఏడాది ఆడిట్ శాఖ తరఫున మరొకరు చదవాలి. పంచాయతీ కార్యదర్శి తన మీద వచ్చిన పేరాలను తానే చదివే ఏర్పాటు మాత్రం వద్దు.

ఆ నివేదిక తెలుగులో, రెండు పేజీల్లో ఉండాలి. డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత, పెద్ద బకాయిదారులు ఎవరు. ప్రభుత్వం నుంచి ఎంత వచ్చింది, ఎంత ఆగింది, ఎంత సర్దుబాటైంది. ఖర్చు దేనికైంది. ఆ తరువాత మూడే మూడు సేవల గురించి: తాగునీరు ఏడాదిలో ఎన్ని రోజులు రాలేదు, ఏ వాడకు రాలేదు, చెత్త ఎక్కడికి పోతోంది, వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి. ఈ మూడూ ఊళ్లో ఎవరైనా సరిచూడగలిగినవి. అబద్ధం రాస్తే సభలోనే తేలిపోతుంది.

ప్రతి పేరాకూ జవాబుదారీ ఒక మనిషి ఉండాలి. బదిలీ అయినా, పదవి దిగినా ఆ బాధ్యత వెంట వెళ్లాలి. వచ్చే ఏడాది సభలో మొదట చదవాల్సింది పాత పేరాల మీద ఏం చేశారన్నది. సర్‌ఛార్జి వేస్తే వసూలు చేయాలి. వసూలు చేయని సర్‌ఛార్జి తప్పు చేసినవాడికి ధైర్యం, నిజాయితీపరుడికి నిరుత్సాహం.

ఆడిట్ శాఖ అధిపతి నియామకం, పదవీకాలం ఆనాటి ప్రభుత్వ ఇష్టాయిష్టాల మీద ఆధారపడకుండా చట్టం రక్షణ ఇవ్వాలి. ఆయన వార్షిక నివేదిక నేరుగా శాసనసభకు వెళ్లాలి. ఖాళీలు నింపాలి, పనితీరు పరిశీలనలో శిక్షణ ఇవ్వాలి. ఆడిట్ తక్కువ ఖర్చులో అయిపోవాలనుకున్న ఇంగ్లండ్ చివరికి ఎంత మూల్యం చెల్లించిందో చూశాం. ఎత్తేసిన కమిషన్ స్థానంలో మళ్లీ ఒక స్థానిక ఆడిట్ కార్యాలయం నెలకొల్పుతామని ఆ దేశ ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. కూల్చడానికి ఐదేళ్లు పట్టలేదు, తిరిగి కట్టడం ఇప్పుడు మొదలవుతోంది.

ఇక మన ఆడిటర్లకు ఒక మాట. పాప్లర్ తప్పు మనం చేయకూడదు. గ్రామసభ బడికి ముందు డబ్బు ఇచ్చి రోడ్డును వెనక్కి నెట్టిందనుకోండి, అది మనకు నచ్చకపోయినా వాళ్ల హక్కు. చట్టం లోపల ఉన్న ప్రాధాన్యాన్ని మనం ప్రశ్నించవద్దు. చెప్పింది చేశారా, చేసింది చేరిందా అన్నది మాత్రం వదలవద్దు. తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం మన పనిలో ఒక భాగమే. రిలే మార్చుకోవాలని తెలియని పంచాయతీకి ఆ సంగతి చెప్పడం అంతకన్నా ఎక్కువగా ఉపయోగపడే భాగం. సర్పంచుల్లో చాలామంది మొదటిసారి పదవిలోకి వచ్చినవాళ్లు, వాళ్లలో సగం మంది మహిళలు. వాళ్లకు ఆడిటర్ అంటే భయం కలిగిస్తే మనం ఓడిపోయినట్టే.

విద్యార్థులకు ఒక కోరిక. మీ ఊళ్లో వచ్చే గ్రామసభకు వెళ్లండి, పట్టణంలో ఉన్నవాళ్లు మీ వార్డు కౌన్సిలర్‌ను కలవండి. గడిచిన ఏడాది ఆడిట్ నివేదికను చదివి వినిపించమని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒక్క పేరా ఎంచుకోండి, ఆ చోటుకు వెళ్లి చూడండి, చూసింది సభలో చెప్పండి. నలుగురు అడిగిన ఊళ్లో కార్యదర్శి క్యాష్‌బుక్ ఏ రోజుకారోజు రాస్తాడు, సర్పంచి తీర్మానం చదివి సంతకం పెడతాడు, ఆడిటర్ వోచరు వెనక ఉన్న మనిషి కోసం వెతుకుతాడు. వెస్ట్‌మినిస్టర్‌లో కొందరు ఓటర్లూ, మన ప్రజావేదికలో ఒక కూలీ మహిళా చేసింది ఇంతే. ఆ అడగడం ప్రతి ఊళ్లో అలవాటు కావాలి. అందుకు ఆడిట్ శాఖ తలుపు తెరవాలి, ఊరు లోపలికి రావాలి.